కాంకర్డ్ వేసవి తత్వ పాఠశాల: ఉపన్యాసానికీ గోష్ఠికీ మధ్య తొమ్మిదేళ్ళు

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో, బోస్టన్‌కు ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో కాంకర్డ్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడి ఆర్చర్డ్ హౌస్ అనే ఇంట్లో కూర్చునే లూయీసా మే ఆల్కాట్ 'లిటిల్ విమెన్' రాసింది. ఆ ఇల్లు చూడటానికి ఇప్పటికీ జనం వస్తూనే ఉంటారు. ఇంటి పక్కన కొండవాలు మీద రంగు వేయని చెక్కలతో కట్టిన ఒక హాలు కనిపిస్తుంది. దాని పేరు హిల్‌సైడ్ చాపెల్. చాపెల్ అన్నారు గదా అని చర్చి అనుకుంటారు. అది చర్చి కాదు. 1880 నుంచి కొన్ని వేసవులపాటు ప్లేటో, అరిస్టాటిల్, హెగెల్, గేటేల మీద ఉపన్యాసాలు జరిగిన చోటు. కాంకర్డ్ తత్వశాస్త్ర పాఠశాల అంటే అదే.

దీని గురించి చదివేవాళ్ళు మూడు చోట్ల తికమక పడతారు. ఇది ఆ ఊరి ప్రసిద్ధ రచయితలు ఎమర్సన్, థోరోలు పెట్టిన బడి అనుకోవడం మొదటిది. థోరో 1862లోనే చనిపోయాడు. బడి మొదలైంది ఆ తర్వాత పదిహేడేళ్ళకు. ఎమర్సన్ అప్పటికి బతికే ఉన్నారు, ఉపన్యాసాలూ ఇచ్చారు. కానీ నడిపింది ఆయన కాదు. లూయీసా తండ్రి బ్రాన్సన్ ఆల్కాట్ 1834లో బోస్టన్‌లో పిల్లల కోసం పెట్టిన టెంపుల్ స్కూలుతో దీన్ని కలిపేయడం రెండోది. అది చిన్నపిల్లల బడి, ఇది పూర్తిగా పెద్దవాళ్ళది. మూడోది కాస్త లోతైనది: ఇక్కడ అందరూ ఒకే తత్వం చెప్పారనుకోవడం. నిజానికి ఆ హాల్లో కనీసం మూడు నాలుగు దృక్పథాలు ఒకదానితో ఒకటి పడకుండానే ఒకే కప్పు కింద కూర్చున్నాయి. ఈ బడిని అర్థం చేసుకోవాలంటే అసలు కిటుకు అక్కడే ఉంది.

పాఠశాల అన్న మాటకు ఇక్కడ అర్థమేమిటి

ప్రవేశ పరీక్ష లేదు, హాజరు పట్టీ లేదు, మార్కులు లేవు, చివర్లో పట్టా లేదు. రుసుము కట్టి వచ్చి కూర్చుంటే విద్యార్థే. ఆడవాళ్ళు, మగవాళ్ళు పక్కపక్కనే కూర్చుని వినేవారు. వేదిక మీదా ఆడవాళ్ళున్నారు. ఎడ్నా డౌ చీనీ కళల గురించి చెప్పేది. జూలియా వార్డ్ హౌ, ఎలిజబెత్ పీబడీ కూడా ఇక్కడ మాట్లాడారు. పెద్ద విశ్వవిద్యాలయాలు చాలావరకు ఆడవాళ్ళకు తలుపులు మూసేసిన రోజులవి. కొండవాలు మీది ఈ హాలుకు అంతమంది స్త్రీలు ఎందుకు వచ్చారో చెప్పడానికి ఇంతకంటే కారణం వెతకనక్కర్లేదు.

మొదటి సమావేశం 1879 జూలై 15న ఆర్చర్డ్ హౌస్‌లోనే జరిగింది. అప్పటికి రెండేళ్ళ కిందటే ఆల్కాట్ కుటుంబం ఊళ్ళోని మరో ఇంటికి మారింది. మొదట వచ్చిన విద్యార్థులు ముప్పైమంది దాకా. బడికి డీన్ ఆల్కాట్, కార్యదర్శి ఫ్రాంక్లిన్ శాన్‌బార్న్, డైరెక్టర్ ఎస్.హెచ్. ఎమరీ. ఆల్కాట్‌కు అప్పుడు డెబ్బై తొమ్మిదేళ్ళు.

ఆల్కాట్ గోష్ఠి ఎలా ఉండేది

ఆల్కాట్ కాలేజీ గడప తొక్కినవాడు కాదు. యౌవనంలో ఊరూరా తిరిగి సరుకులమ్మిన మనిషి. తర్వాత ఉపాధ్యాయుడయ్యాడు. 1843లో ఫ్రూట్‌లాండ్స్ అనే ఆదర్శ సమష్టి క్షేత్రం మొదలుపెట్టాడు. ఏడాది తిరక్కుండానే అది చెదిరిపోయింది. ఆయనకు నిజంగా చేతనైన పని ఒక్కటే: మనుషులను చుట్టూ కూర్చోబెట్టుకుని మాట్లాడించడం. దాన్ని ఇంగ్లీషులో ఆయన 'కన్వర్సేషన్' అనేవాడు. తెలుగులో గోష్ఠి అంటే దగ్గరగా ఉంటుంది. ఒక విషయం పేరు చెబుతాడు, రెండు మాటలతో ఎత్తుకుంటాడు, ఆపై ఎవరికి తోచింది వారు చెప్పవచ్చు. ఋజువులు వరస పేర్చడం ఉండదు. మనిషి లోపల సత్యం ముందే ఉంది, సరైన మాట తగిలితే అదే పైకి వస్తుంది అన్నది ఆయన నమ్మకం.

ఈ గోష్ఠులను టిక్కెట్టు పెట్టి పశ్చిమ రాష్ట్రాల్లో నడిపేవాడు. ఆ మొదటి యాత్ర నుంచి 1854 ఫిబ్రవరిలో ఒక రాత్రి చలికి వణుకుతూ ఇల్లు చేరిన సంగతి లూయీసా తన డైరీలో రాసుకుంది. డబ్బేమైనా వచ్చిందా అని పిల్లల్లో ఒకరు అడిగితే పర్సు తెరిచి ఒకే ఒక్క డాలరు చూపించాడట. కోటు ఎవరో దొంగిలించారు, శాలువా కొనాల్సి వచ్చింది, ఇస్తామన్నవాళ్ళు ఇవ్వలేదు. గోష్ఠి ఆయనకు ప్రాణం, కానీ ఇల్లు గడపలేదు. ఇంటి బరువు మోసింది లూయీసా కలం.

ఎమర్సన్, ఆల్కాట్‌ల తరంలోని ఈ ధోరణినే ట్రాన్సెండెంటలిజం అంటారు. తేలిగ్గా చెప్పాలంటే, కళ్ళూ చెవులూ చెప్పేదాని కంటే లోతైన జ్ఞానం మనిషికి నేరుగా అందుతుంది, దానికి మధ్యవర్తి శాస్త్రమూ అక్కర్లేదు, మఠమూ అక్కర్లేదు అనే నమ్మకం. మనకు కొత్తగా తోచే మాట కాదు. కానీ పంతొమ్మిదో శతాబ్దపు న్యూ ఇంగ్లండ్ చర్చిల మధ్య అది పెద్ద తిరుగుబాటు.

సెయింట్ లూయీస్ నుంచి వచ్చిన హెగెల్

ఒక్క ఆల్కాట్ వల్లే అయితే ఈ బడి ఇంతకాలం నడిచేది కాదు. రెండో స్తంభం విలియం టోరీ హారిస్. ఆయన మిజోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయీస్ నగర పాఠశాలలకు 1868 నుంచి 1880 వరకు సూపరింటెండెంటు. అమెరికాలో ప్రభుత్వ బడుల్లో మొదటి కిండర్‌గార్టెన్‌ను 1873లో సూసన్ బ్లో తెరిచింది ఆయన హయాంలోనే. 1866లో అక్కడ తత్వశాస్త్ర సంఘం పుట్టింది. దానికి ప్రేరణ హెన్రీ బ్రాక్‌మయర్ అనే జర్మన్ వలసదారు. హెగెల్ తర్కగ్రంథాన్ని పట్టుబట్టి ఇంగ్లీషులోకి దించినవాడు. 1867లో హారిస్ 'జర్నల్ ఆఫ్ స్పెక్యులేటివ్ ఫిలాసఫీ' అనే పత్రిక మొదలుపెట్టాడు. పూర్తిగా తత్వశాస్త్రానికే కేటాయించిన పత్రికల్లో ఇంగ్లీషులో అది తొలివాటిలో ఒకటి. తర్వాత ప్రసిద్ధుడైన జాన్ డ్యూయీ మొదటి తాత్విక వ్యాసం 1882లో అచ్చయింది అందులోనే.

హెగెల్ పేరు వినగానే మన పాఠకులకు మార్క్స్ గుర్తొస్తాడు, గతితర్కం గుర్తొస్తుంది. ఆ గతితర్కమే ఇది. మార్క్స్ చేతిలో అది భౌతికవాదమైంది. హారిస్ చేతిలో మతానికీ విద్యకూ పునాది అయింది. ఒక భావం తనలోని వైరుధ్యం వల్ల తనకు ఎదురైన భావాన్ని పుట్టిస్తుంది, రెండూ ఇంకాస్త పెద్ద భావంలో ఇమిడిపోతాయి. ఆ మెట్లన్నీ ఎక్కితే చివర కనిపించేది చైతన్యమే అంటాడు హారిస్. ఇక్కడ మెరుపులా తోచడం చాలదు. మెట్టు తర్వాత మెట్టు చూపించాలి. కాబట్టి హారిస్‌కు గోష్ఠి సరిపోదు, ఉపన్యాసం కావాలి. అదీ వరసగా పది ఉపన్యాసాలు.

బడి నడిచిన తీరంతా ఈ రెండు పద్ధతుల పొత్తే. ముందు ఉపన్యాసం, తర్వాత చర్చ.

ఒక వారం లెక్క, ఒక మనిషి ఖర్చు

1879 ప్రకటన ప్రకారం బడి ఐదు వారాలు. వారానికి పదకొండు ఉపన్యాసాలు: సోమవారం నుంచి శనివారం దాకా ఉదయం 9 గంటలకు, సాయంత్రం 7:30కి, శనివారం సాయంత్రం మాత్రం సెలవు. ఐదు వారాలకు మొత్తం 55. ప్రధాన ఉపన్యాసకులు ఐదుగురు, ఒక్కొక్కరికి పది. ఆల్కాట్ క్రైస్తవ ఆస్తికవాదం, హారిస్ తత్వ విచారం, ఇల్లినాయ్ రాష్ట్రపు జాక్సన్‌విల్ నుంచి వచ్చిన వైద్యుడు హైరం జోన్స్ ప్లేటో, డేవిడ్ వాసన్ రాజకీయ తత్వం, శ్రీమతి చీనీ కళ. మిగిలినవి అతిథులవి. థోరో రాతప్రతులు దాచుకున్న మిత్రుడు బ్లేక్ వాటిలోంచి చదివి వినిపించేవాడు; అప్పటికి ఆ దినచర్యల్లో చాలా భాగం అచ్చు కాలేదు.

పది ఉపన్యాసాల వరసకు 3 డాలర్లు, అంటే ఒక్కోదానికి 30 సెంట్లు. అన్నీ వినాలంటే 15 డాలర్లు; ఒక్కోదానికి 27 సెంట్లు పడుతుంది. బోధన చవకే. బరువంతా బసది. ఊళ్ళో భోజనంతో గది వారానికి 6 నుంచి 12 డాలర్లు. ఐదు వారాలకు 30 నుంచి 60. రుసుము కలిపితే 45 నుంచి 75 డాలర్లు, రైలు ఖర్చు వేరే. మామూలు కూలీకి రోజుకు డాలరు, డాలరున్నర దొరికే కాలమది. అందుకే వచ్చినవాళ్ళలో ఎక్కువమంది బడి పంతుళ్ళు, పంతులమ్మలు, మతగురువులు, తీరిక ఉన్న చదువరులు. బోస్టన్ నుంచి రైల్లో వచ్చి ఒక పూట విని వెళ్ళేవాళ్ళకు బస బెంగ లేదు.

వచ్చినవాళ్ళంతా ఆల్కాట్ కుటుంబం గుమ్మానికీ వచ్చేవారు. మొదటి వేసవిలో లూయీసా డైరీలో తత్వవేత్తలను గింజల కోసం మెట్ల మీద చేరిన కోళ్ళతో పోల్చింది. చేయాల్సిన పని లోకంలో ఇంతుండగా ఈ ఊహల చర్చ కాలం వృథా అని కూడా రాసింది. తండ్రి కల నిజమైందన్న సంతోషమూ ఆ పేజీల్లోనే ఉంది. రెండు మాటలూ ఆమె మనస్ఫూర్తిగా అన్నవే.

రెండో ఏటికి ఇల్లు చాలలేదు. న్యూయార్క్‌కు చెందిన ఎలిజబెత్ థామ్సన్ అనే దాత వెయ్యి డాలర్లు ఇచ్చింది. ఆ సొమ్ముతో 1880 వేసవికల్లా హాలు లేచింది. అందుకే దాని కట్టడం అంత సాదా: నిలువు చెక్కలు, లోపల కుర్చీలు, ఒక వేదిక.

ద్రాక్ష గింజ ముందు నలుగురు

సిద్ధాంతాల పేర్లు వింటే తల తిరుగుతుంది. ఒక ఉదాహరణ పట్టుకుని చూద్దాం. ఉదాహరణ నాది, వస్తువు మాత్రం ఆ ఊరిదే. ఆర్చర్డ్ హౌస్‌కు ఒక ఇల్లు అవతల ఇఫ్రయిమ్ బుల్ అనే తోటమాలి ఉండేవాడు. అమెరికా అంతా జామ్ చేసుకునే కాంకర్డ్ ద్రాక్షను తయారు చేసింది ఆయనే. చలికి తట్టుకునే తీగ కోసం ఇరవై రెండు వేల దాకా మొలకలు పెంచి చూశానని చెప్పుకున్నాడు. 1849లో కోరుకున్న పండు వచ్చింది. ఆ గింజను హాల్లో బల్ల మీద పెట్టి, 'చిన్నదాంట్లోంచి పెద్దది ఎలా వచ్చింది?' అని అడిగామనుకుందాం.

ప్లేటో పక్షాన జోన్స్ గింజను ప్రతిరూపం అంటాడు. ద్రాక్షతనం అనే శాశ్వత రూపం ఒకటి ముందే ఉంది. బుల్ తోటలో మొలిచినవన్నీ దాని నీడలు. మొలక ఎండిపోవచ్చు, రూపం ఎండదు.

ఆల్కాట్ ఇంకో అడుగు వేస్తాడు. ఆయన దృష్టిలో సృష్టి కింద నుంచి పైకి రాలేదు, పైనుంచి కిందికి జారింది. మొదట ఆత్మ, దాని పతనం వల్ల తక్కువ జీవులు, ఆ కింద జడపదార్థం. డార్విన్ నిచ్చెనను తలకిందులు చేసినట్టు. దానికి ఋజువేమిటని అడిగితే నీలోకి చూసుకో అంటాడు.

హారిస్ గింజను కదలికగా చూస్తాడు. గింజ గింజగానే ఉండిపోతే తీగ లేదు. అది చిట్లిపోవాలి. తీగ గింజను కాదంటుంది, మళ్ళీ వందల గింజలుగా దాన్ని తనలో నిలుపుకుంటుంది. మొగ్గ, పువ్వు, కాయల పోలిక హెగెల్ స్వయంగా వాడినదే. ఇక్కడ 'ఎలా వచ్చింది' అనే ప్రశ్నకు జవాబు వరసలో ఉంది. ఏ మెట్టూ దాటవేయడానికి వీల్లేదు.

నాలుగోవాడు జాన్ ఫిస్క్, అమెరికాలో పరిణామవాదానికి గొప్ప ప్రచారకుడు. 1884లో మనిషి గమ్యం మీద, 1885లో ఆధునిక జ్ఞానం వెలుగులో దేవుడి భావన మీద ఇక్కడే ఉపన్యసించాడు. ఇరవై రెండు వేల మొలకల్లో నిలిచింది ఏది, పోయింది ఏది అన్న దగ్గర ఆయన మొదలుపెడతాడు. అయితే ఆయన నాస్తికుడు కాదు. పరిణామం చివరికి మనిషి మనసు దాకా వచ్చిందంటే ఆ దారికి అర్థం ఉన్నట్టే అంటాడు.

నలుగురూ దేవుణ్ణి ఒప్పుకునేవాళ్ళే. తగవు దేవుడున్నాడా లేడా అని కాదు. తెలుసుకునే దారి ఏది అని. ఒకరికి స్మరణ, అంటే ముందే ఉన్న రూపాన్ని గుర్తు చేసుకోవడం, ఒకరికి అంతర్దృష్టి, ఒకరికి తర్కం, ఒకరికి పరిశీలన. బయటివాళ్ళకు ఇది చాలాకాలం అంతుపట్టలేదు. బోస్టన్ పత్రికలు కొండ మీది ఋషులంటూ నవ్వుకుంటూనే విలేకరులను మాత్రం తప్పక పంపేవి.

చీలిక ఎక్కడ వచ్చింది

జోన్స్‌కు ప్లేటో దగ్గరే అంతా ఉంది. తర్వాత వచ్చినవాళ్ళు దాన్ని గుర్తు చేసుకోవడమే తప్ప దాటింది లేదు. హారిస్‌కు ప్లేటో గొప్ప మెట్టు, కానీ మెట్టే. ఈ రెంటికీ రాజీ కుదిరే వీలు లేదు. పైగా హారిస్ దగ్గర పత్రిక ఉంది, సెయింట్ లూయీస్ నుంచి వచ్చిన మిత్రులున్నారు, 1880లో ఆయన కాపురమే కాంకర్డ్‌కు మార్చేశాడు. క్రమంగా వేదిక హెగెల్ వైపు ఒరిగింది. జోన్స్ 1883లో సొంతూరు జాక్సన్‌విల్‌లో అమెరికన్ అకడెమీ అని వేరే సంఘం పెట్టుకున్నాడు.

ఈలోగా ఎమర్సన్ 1882 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయన 1879లో ఈ బడిలో చదివిన ఉపన్యాసం విషయం 'జ్ఞాపకశక్తి'. అప్పటికే ఆయనకు పేర్లు, మాటలు గుర్తుండటం మానేశాయి. ఆ ఏళ్ళలో ఉపన్యాసాలకు కూతురు ఎలెన్ వెంట ఉండి కాగితాలు సర్దేది. జ్ఞాపకం జారిపోతున్న మనిషి జ్ఞాపకం గురించి చదువుతుంటే విన్నవాళ్ళను తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. ఎమర్సన్ పోయిన 1882లోనే, అక్టోబరులో ఆల్కాట్‌కు పక్షవాతం వచ్చింది. డీన్ పేరు అలాగే ఉంది గానీ గోష్ఠి నడిపే గొంతు పోయింది.

ఆపై బడి స్వభావం మారింది. ఒక్కో వేసవికి ఒక్కో అంశం: 1884లో ఎమర్సన్, 1885లో గేటే, 1886లో డాంటే, ప్లేటో, 1887లో అరిస్టాటిల్. 1885లోనే ఆధునిక విజ్ఞానశాస్త్రం 'లోకమే దేవుడు' అనే వాదానికి దారితీస్తుందా అన్న ప్రశ్న మీద పలువురు పత్రాలు చదివారు. తత్వవేత్త జార్జ్ హోవిసన్ ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. అన్నీ ఒకే దాంట్లో కలిసిపోతే విడివిడి మనుషుల స్వేచ్ఛ, బాధ్యత ఏమవుతాయన్నది ఆయన పట్టుదల. అద్వైత, విశిష్టాద్వైత, ద్వైతాల వాదాలు విన్నవాళ్ళకు ఈ చర్చ ఇంట్లో మాటలా వినిపిస్తుంది. అంతకుముందు 1883లో విలియం జేమ్స్ వచ్చి మనస్తత్వశాస్త్రం మీద మాట్లాడాడు. యేల్ అధ్యక్షుడు నోవా పోర్టర్ కూడా ఈ వేదిక ఎక్కినవాడే.

భారతదేశం ఆ హాల్లోకి ఎలా వచ్చింది

ఆల్కాట్ 1846లో భగవద్గీత చదివాడు. ఎమర్సన్ 'బ్రహ్మ' అనే పద్యం 1857లో వెలువడింది. కాబట్టి 1884లో ఎమర్సన్ మీద ఉపన్యాసాలు పెట్టినప్పుడు ఆయన ప్రాచ్య భావాల మీద హారిస్ ప్రత్యేకంగా ఒక ప్రసంగం చేశాడు. ఆ ఉపన్యాసాల సంపుటిలో భారతదేశం నుంచి చూస్తే ఎమర్సన్ ఎలా కనిపిస్తాడో చెప్పే వ్యాసం కూడా ఉంది. రాసింది బ్రహ్మసమాజ నాయకుడు ప్రతాప్ చంద్ర మజుందార్. అదే బ్రహ్మసమాజం ఇక్కడ కందుకూరి వీరేశలింగాన్నీ రఘుపతి వెంకటరత్నం నాయుణ్ణీ ప్రభావితం చేసింది.

ఇంకో దారం సికింద్రాబాదు దాకా సాగుతుంది. 1893 ఫిబ్రవరి 13న వివేకానందుడు సికింద్రాబాదు మహబూబ్ కాలేజీలో తన పాశ్చాత్య యాత్ర లక్ష్యం గురించి ఉపన్యసించారు. అమెరికా చేరాక, చికాగో సర్వమత సభకు కొన్ని రోజుల ముందే, సారటోగాలో జరిగిన అమెరికన్ సోషల్ సైన్స్ అసోసియేషన్ సమావేశంలో మాట్లాడారు. అక్కడికి పిలిచింది ఫ్రాంక్లిన్ శాన్‌బార్న్, కాంకర్డ్ బడి కార్యదర్శి. మరుసటి వేసవిలో మెయిన్ రాష్ట్రంలోని గ్రీన్ ఎకర్‌లో పైన్ చెట్టు కింద వివేకానందుడు వేదాంతం చెప్పారు. ఆ గ్రీన్ ఎకర్ కూడా వేసవి ఉపన్యాసాల బడే.

ఎందుకు ఆగింది, ఎలా అంచనా వేయాలి

1888 మార్చి 4న ఆల్కాట్ పోయారు. రెండు రోజులకే లూయీసా పోయింది. ఆ వేసవిలో హాల్లో ఆల్కాట్ సంస్మరణ సభ జరిగింది. తర్వాత తలుపులు తెరవలేదు. హారిస్ 1889లో అమెరికా విద్యా కమిషనరుగా వాషింగ్టన్ వెళ్ళి 1906 దాకా ఆ పదవిలో ఉన్నాడు.

మరణాలే కారణం అంటే సగమే చెప్పినట్టు. 1876లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం తెరిచాక తత్వశాస్త్రం కూడా సెమినారు, పరిశోధన పత్రం, డాక్టరేటు అనే దారి పట్టింది. డ్యూయీ 1884లో డాక్టరేటు తీసుకున్నది అక్కడే. అలాంటి చోట చదివినవాడికి బడి పంతుళ్ళ నడుమ కూర్చుని ప్లేటో గురించి మాట్లాడటం వృత్తి కాదు, సరదా. కాంకర్డ్ బడికి నిధి లేదు, గ్రంథాలయం లేదు, జీతం పుచ్చుకునే ఆచార్యుడు లేడు. ఏ వేసవి రుసుము ఆ వేసవికే సరి. ఇలాంటి ఏర్పాటు నడిపే మనుషులున్నంత కాలమే నడుస్తుంది.

చరిత్రకారుల్లో ఒక వర్గం దీన్ని ట్రాన్సెండెంటలిజం చివరి మిణుకుగా చూస్తుంది: ముసలివాళ్ళు, పాత ప్రశ్నలు, డార్విన్ తర్వాత కాలం చెల్లిన జవాబులు. ఆ మాటలో బలం ఉంది. ఆల్కాట్ 'పతన' సిద్ధాంతం వినేనాటికే వెనకబడింది. రెండో వర్గం దీన్ని వయోజన విద్యకు, వేసవి పాఠశాలలకు తొలి అడుగుల్లో ఒకటిగా చూస్తుంది. అలాంటివాటిలో ఇది మొట్టమొదటిదని మాత్రం అనలేం. షటాక్వా అనే వేసవి విద్యా సమావేశాలు 1874లోనే మొదలయ్యాయి. నాకు రెండో వాదమే ఎక్కువ నిలుస్తుంది, కారణం కూడా స్పష్టం. జవాబులు పాతబడ్డా పద్ధతి పాతబడలేదు. గంట ఉపన్యాసం తర్వాత ఒక పంతులమ్మ లేచి హారిస్‌ను నిలదీయగలిగే వీలు అప్పటి చాలా విశ్వవిద్యాలయాల్లో ఆమెకు లేదు. ఇక్కడ మాట్లాడిన థామస్ డేవిడ్సన్ 1890లో అడిరాండాక్ కొండల్లో గ్లెన్‌మోర్ అనే వేసవి తత్వ పాఠశాల పెట్టుకున్నాడు. అక్కడ ఉపన్యసించినవాళ్ళలో హారిస్, డ్యూయీ ఇద్దరూ ఉన్నారు.

కొండవాలు మీది హాలు మాత్రం నిలిచే ఉంది. ఆర్చర్డ్ హౌస్ మ్యూజియం వేసవిలో ఇప్పటికీ ప్రసంగాలు ఏర్పాటు చేస్తుంది. ఆ కార్యక్రమానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'సమ్మర్ కన్వర్సేషనల్ సిరీస్'. కన్వర్సేషన్ అన్నది ఆల్కాట్ మాట.